నల్ల స్క్రీన్ ఎందుకు మాట్లాడదు? టెర్మినల్ మెసేజ్‌ల చరిత్ర



డిగ్రీలో, డిప్లొమాలో కంప్యూటర్ తీసుకున్న మన తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతున్నరు. "అన్నా, నల్ల స్క్రీన్‌లో కమాండ్ కొట్టినం, ఎంటర్ నొక్కినం, ఏం రాలే. పని అయినట్టా, కానట్టా?" ఫైల్ కాపీ చేసే కమాండ్ కొడితే అది కాపీ చేసి ఊరుకుంటది. "అయింది" అని ఒక్క మాట అనదు. తప్పు కొడితే మాత్రం టక్కున ఒక లైన్ పడేస్తది. ఆ లైన్ ఇంగ్లీషులో ఉంటది, మనమీద కోపం వచ్చినట్టు ఉంటది. "పర్మిషన్ డినైడ్" అని వస్తే, ఇక్కడికి నువ్వెందుకొచ్చినవ్ అని అడిగినట్టే అనిపిస్తది కొత్తవాళ్ళకు. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినోళ్ళం కదా, ఆ మాట ఇంతకుముందు మనుషుల నోటినుంచి కూడా విన్నోళ్ళమే.

అందుకే ఈ పోస్టు. మిషిన్ ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, ఎంత పొట్టిగా చెప్పాలి అన్నది ఎవరో కొందరు మనుషులు ఒక కాలంలో ఒక గదిలో కూర్చొని పెట్టిన అలవాటు. ఆ గదిలో ఎవరున్నరు, వాళ్ళ ముందు ఏ మిషిన్ ఉండె అని తెలిస్తే, ఆ మాటలూ ఆ మౌనమూ మనమీద కోపం కాదని తెలుస్తది. హాస్టల్లో మేం కూర్చొని చదివి, మాట్లాడుకొని రాసినం. పొడుగుంది, తీరికగా చదవండి.

మొదట అసలు స్క్రీనే లేదు. కాగితం ఉండేది. టెలిగ్రామ్ వార్తలు పంపుకోవడానికి వాడే టైపు మిషన్ లాంటి యంత్రాలనే కంప్యూటర్‌కు తగిలించారు. వాటిల్లో బాగా పేరుపడింది టెలిటైప్ మోడల్ 33. 1963లో వచ్చింది. సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. ఒక లైన్‌లో 72 అక్షరాలు పట్టేవి. అంటే ఒక్క నిండు లైన్ అచ్చు పడాలంటే 7 సెకన్లు. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు తప్ప చిన్నవి లేవు. గది నిండా టకటక చప్పుడు. ఆ మిషిన్లో నిజమైన గంట కూడా ఉండేది. అక్షరాల పట్టికలో 7వ నంబరు ఆ గంటది. కంప్యూటర్ ఆ నంబరు పంపితే గంట మోగి మనిషిని పిలిచేది. ఇప్పుడు టెర్మినల్లో వచ్చే "బీప్" ఆ గంటే. లినక్స్‌లో మీరు చూసే "టీటీవై" అనే మాట కూడా టెలిటైప్ నుంచి మిగిలిన ముక్కే. యంత్రం పోయి చాలా కాలమైంది, పేరు మాత్రం ఉంది. మన ఊళ్ళల్లో చెరువు పూడిపోయినా "చెరువు కింద పొలం" అంటాం కదా, అట్ల.

అంతకుముందు కంప్యూటర్ వాడటం అంటే కార్డుల మీద చిల్లులు కొట్టించి కౌంటర్‌లో ఇచ్చి రావడం. ఫలితం గంటల తర్వాతనో మర్నాడో వచ్చేది. మధ్యలో "ఏమైంది" అని అడిగే దారే లేదు. అమెరికాలో ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం 1961 నవంబర్‌లో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను చూపించింది. ఒకే కంప్యూటర్‌ను చాలామంది ఒకేసారి, ఎవరి టెర్మినల్ దగ్గర వాళ్ళు కూర్చొని వాడుకునే పద్ధతి అది. మనిషి మిషిన్ ముందు కూర్చున్నడు కాబట్టి "నా వంతు వచ్చిందా? పని నడుస్తుందా?" అన్న ప్రశ్న అప్పుడు పుట్టింది. జవాబుగా సీటీఎస్ఎస్ రెండు అక్షరాలు వాడేది. కమాండ్ తీసుకోగానే "వెయిట్" అనే మాటకు మొదటి అక్షరం, దాని పక్కన టైము. పని అయిపోగానే "రెడీ" అనే మాటకు మొదటి అక్షరం, దాని పక్కన ఎన్ని సెకన్లు పట్టిందో లెక్క. ఆ లెక్క కూడా రెండు ముక్కలుగా ఉండేది. పనికి పట్టిన కాలం ఒకటి, పనిని మెమరీలోకి తెచ్చి పెట్టడానికి పట్టిన కాలం ఇంకొకటి. కంప్యూటర్ టైము అప్పట్లో చాలా ఖరీదు, ఒక్కొక్కరికి ఇంత అని కోటా ఉండేది. కాబట్టి ఆ లైన్ రేషన్ షాపు చీటీ లాంటిది. ఎంత వాడుకున్నవో రాసి చేతిలో పెట్టేది. మా ఉద్దేశంలో ఇది మర్యాదైన పద్ధతే. రెండక్షరాలే గానీ తీసుకున్నాను అని చెప్పింది, ఇచ్చేశాను అని చెప్పింది.

అదే సీటీఎస్ఎస్‌లో ఒక తమాషా జరిగింది. లాగిన్ కాగానే అందరికీ ఆ రోజు నోటీసు కనిపించేది, హాస్టల్ నోటీస్ బోర్డు లాగ. 1960ల మధ్యలో ఒకరోజు నోటీసు బదులు అందరి పాస్‌వర్డ్‌లు ఉన్న ఫైలు అచ్చుపడటం మొదలైంది. లాగిన్ అయిన ప్రతి ఒక్కరి కాగితం మీద! ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి ఎడిటర్ వాడుతుంటే, ఒకరు నోటీసు, ఒకరు పాస్‌వర్డ్ ఫైలు దిద్దుతున్నరు, ఇద్దరి తాత్కాలిక ఫైళ్ళకు ఒకటే పేరు ఉండటంతో అవి తారుమారయ్యాయి. కోర్బాటో తర్వాత ట్యూరింగ్ అవార్డు అందుకున్నప్పటి ఉపన్యాసంలో ఈ సంగతి తానే చెప్పాడు.

ఇప్పుడు అసలు కథ, యూనిక్స్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టారు. మన ఫోన్లలో ఉన్న ఆండ్రాయిడ్‌కు, కాలేజీ ల్యాబ్‌లో లినక్స్‌కు తాత లాంటిది అది. వీళ్ళు "రెడీ" చీటీ కూడా తీసేశారు. కమాండ్ బాగా జరిగితే ఏమీ అనొద్దు, మళ్ళీ ప్రాంప్ట్ గుర్తు చూపిస్తే చాలు. తప్పు జరిగితేనే నోరు తెరవాలి. మన ల్యాబ్‌లో కనిపించే మౌనం వచ్చింది ఇక్కడినుంచే.

ఎందుకట్ల చేశారు? ఒకటి, వాళ్ళ ముందున్నది కూడా ఆ టెలిటైపే. "మీరు చెప్పిన ఫైలు తీసేశాను" అని ఇంగ్లీషులో 30 అక్షరాలు కొట్టిస్తే 3 సెకన్లు పోతయి, కాగితం పోతది, చెవులు పోతయి. రోజుకు వందసార్లు కమాండ్ కొట్టేవాడికి అది భరించలేని విషయం.

ఇంకో కారణం దీనికంటే పెద్దది. 1973లో డగ్ మెక్‌ఇల్‌రాయ్ ఎన్నాళ్ళనుంచో అడుగుతున్న పైపు యూనిక్స్‌లోకి వచ్చింది. ఒక కమాండ్ ఇచ్చిన ఫలితం నేరుగా ఇంకో కమాండ్ నోట్లోకి పోయే ఏర్పాటు అది. పొలానికి నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి పారినట్టు. పేర్ల జాబితాను అక్షర క్రమంలో పెట్టే కమాండ్ ఒకటి, లైన్లు లెక్కపెట్టే కమాండ్ ఒకటి ఉన్నయనుకోండి. మొదటిది తన పని చేసి చివర "విజయవంతంగా సర్దాను" అని ఒక లైన్ కలిపితే, రెండోది దాన్నికూడా ఒక పేరు కింద లెక్కపెడతది. 40 మంది ఉన్న లిస్టు 41 అయితది. కాబట్టి ప్రోగ్రామ్ అడిగిందే ఇవ్వాలి, కబుర్లు చెప్పొద్దు. ఈ కారణం నేటికీ నిలబడే ఉంది, మేం కూడా ఒప్పుకుంటం.

మూడోది ఎవరూ కారణంగా చెప్పరు గానీ, మాకు అదే అసలైనదిగా కనిపిస్తది. యూనిక్స్ రాసినవాళ్ళూ వాడినవాళ్ళూ ఒకే వరండాలో కూర్చునేవాళ్ళు. అర్థం కాకపోతే పక్క గదికి పోయి అడగొచ్చు. థాంప్సన్ రాసిన "ఎడ్" అనే ఎడిటర్ చూడండి. ఏ తప్పు చేసినా అది చెప్పే జవాబు ఒక్కటే: "?". ఫైలు దొరకలేదా, "?". కమాండ్ తప్పా, "?". దాచకుండా బయటికి పోతున్నవా, "?". దీనిమీద కంప్యూటర్ వాళ్ళలో ఒక జోకు ఉంది. థాంప్సన్ తయారుచేసిన కారులో స్పీడు ముల్లు, పెట్రోల్ ముల్లు ఏవీ ఉండవట. ఏదైనా చెడిపోతే డ్యాష్‌బోర్డ్ మధ్యలో పెద్ద ప్రశ్నార్థకం వెలుగుతదట. అనుభవం ఉన్న డ్రైవర్‌కు ఏం చెడిందో తెలిసిపోతుంది కదా అంటారట. ఆ వరండాలో ఉన్నవాళ్ళకు ఇది నిజంగా సరిపోయింది. వాళ్ళకు "?" అంటే "ఇప్పుడు నువ్వు చేసిందాన్నే మళ్ళీ చూసుకో" అని అర్థం. తర్వాత యూనిక్స్ టేపుల మీద యూనివర్సిటీలకు పోయింది, దేశాలు దాటింది. ప్రశ్నార్థకం కూడా దానితో పోయింది. వరండా మాత్రం బెల్ ల్యాబ్స్‌లోనే ఉండిపోయింది.

అనుభవం ఉన్న డ్రైవర్లు ఇంట్లోనే ఉన్న పిల్లలకు ఇది జోకు. అమ్మానాన్న ఎన్నడూ స్టీరింగ్ పట్టని ఇంటినుంచి వచ్చినోళ్ళకు ఆ లైటు చూస్తే కాళ్ళు చల్లబడతయి.

తప్పు మెసేజ్ ఎక్కడ చూపించాలి అన్నదానికీ ఒక కథ ఉంది. మొదట్లో ఫలితమూ, తప్పు మెసేజూ ఒకే దారిలో వచ్చేవి. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌కు ఫొటోటైప్‌సెట్టర్ వచ్చింది, పుస్తకాల నాణ్యతతో అక్షరాలను ఫొటో కాగితం మీద కొట్టే యంత్రం. ఆ కాగితం ఖరీదు, కడిగి ఆరబెట్టే పని వేరే. ఒకరు తన పత్రం పంపి, ఎదురుచూసి, కాగితం కడిగి చూస్తే అందులో అందమైన అక్షరాల్లో ఒకే ఒక్క లైన్: ఫైలు తెరవలేకపోయాను అని! ఇట్ల కొన్నిసార్లు జరిగాక తప్పు మెసేజ్‌లకు వేరే కాలువ తవ్వారు. దాన్నే "స్టాండర్డ్ ఎర్రర్" అంటరు. అందుకే ఇప్పుడు ఫలితాన్ని ఫైలులోకి మళ్ళించినా తప్పు మెసేజ్ మాత్రం మీ స్క్రీన్ మీదికే వస్తది. మీ సిలబస్‌లో అది "ఫైల్ డిస్క్రిప్టర్ 2" అని రెండు మార్కుల ప్రశ్నగా ఉంటది, దాని వెనక కడిగి పారేసిన ఫొటో కాగితాలున్నయి.

ఇంకొకటి, తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది పరీక్షకు కాదు, పనికి. యూనిక్స్ పూర్తిగా మూగది కాదు. ప్రతి కమాండ్ పోతూ పోతూ ఒక నంబరు వదిలిపెడతది. 0 అంటే బాగా జరిగింది, వేరే నంబరు అంటే ఏదో తేడా. "ఎకో" అని కొట్టి, ఖాళీ వదిలి, డాలర్ గుర్తు, వెంటనే ప్రశ్నార్థకం కొట్టండి. ముందు కమాండ్ వదిలిన నంబరు కనిపిస్తది. "అయినట్టా, కానట్టా" అన్న మీ ప్రశ్నకు మిషిన్ జవాబు రాసిపెట్టే ఉంటది, అడిగితేనే చెప్తది.

పాత యంత్రాల దెయ్యాలు మెసేజ్‌లలో ఎంతకాలం తిరిగాయో చూడండి. టెర్మినల్‌తో చేయాల్సిన పనిని మామూలు ఫైలుతో చేయబోతే యూనిక్స్ "ఇది టైప్‌రైటర్ కాదు" అనేది. స్క్రీన్లు వచ్చాక కూడా ఏళ్ళ తరబడి అదే మాట. సంబంధం లేని చోట్ల కూడా అది బయటపడి జనాన్ని తికమక పెట్టేది. తర్వాత మార్చారు గానీ, మార్చిన మాట దానికంటే కష్టంగా ఉంది, అది వేరే సంగతి.

1970ల మధ్యనుంచి గాజు తెరలు చవకయ్యాయి. 1976లో ఏడీఎం-3ఏ, 1978లో డెక్ కంపెనీ వీటీ100 వచ్చాయి. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. ఆ 80 కూడా కొత్తది కాదు, ఐబీఎం 1928లో తెచ్చిన చిల్లుల కార్డులో ఉన్న 80 నిలువు వరుసల నుంచి వచ్చిందే. కాగితం మీద కొట్టిన మాట తీసేయలేం, తెర మీద ఒక మూల మాటను చెరిపి కొత్తది రాయొచ్చు. స్టేటస్ మెసేజ్‌కు ఒక స్థిరమైన చోటు ఇవ్వొచ్చు అన్న ఆలోచన దానితో బలపడింది.

బర్క్‌లీలో చదువుతున్న బిల్ జాయ్ ఆ కాలంలోనే "వీఐ" ఎడిటర్ రాశాడు. ఇంటినుంచి ఫోన్ లైన్ మీద 300 బాడ్ మోడెమ్‌తో పనిచేసేవాడు. అంటే సెకనుకు 30 అక్షరాలు. తెర మొత్తం 24 ఇంటూ 80, 1920 అక్షరాలు. ఒక్కసారి తెర నింపాలంటే 64 సెకన్లు! ఊళ్ళో టవర్ అందక గుట్ట ఎక్కి ఫోన్ పట్టుకునే మనకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. అందుకే వీఐలో కమాండ్లు ఒక్కొక్క అక్షరమే, మెసేజ్‌లు అడుగు వరుసలో పొట్టి పొట్టిగా. వీఐలో ఇరుక్కొని బయటికి రాలేక తిట్టుకునే ప్రతి ఒక్కరూ నిజానికి ఆ 300 బాడ్ లైన్‌ను తిట్టాలి.

ఐబీఎం పెద్ద కంప్యూటర్లు ఇంకో దారిలో పోయాయి. 1970ల చివర్లో వచ్చిన 3278 టెర్మినల్ అడుగున ఒక వరుస కేవలం స్థితి చెప్పడానికే. మిషిన్ పనిలో ఉంటే అక్కడ ఇంటూ గుర్తు, పక్కన చిన్న గడియారం బొమ్మ వచ్చేవి. అవి ఉన్నంతసేపు కీబోర్డ్ పనిచేయదు. "ఆగు, టైము పడతది" అని బొమ్మతో చెప్పడం అన్నమాట. చదువు లేనివాళ్ళకు కూడా తెలిసే గుర్తు. మాకు "?" కంటే ఈ గడియారం నచ్చింది.

మన దేశంలో ఇలాంటి అక్షరాల తెరలను ఎక్కువమంది జనం చూసింది రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో అయ్యుంటది. 1985-86లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలై, తర్వాత మిగతా నగరాలకు పాకింది. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ, కన్ఫర్మ్ అనే మూడు మాటలు ఇంగ్లీషు రాని మన పెద్దోళ్ళకు కూడా తెలుసు. వెయిటింగ్ 12 అంటే ముందు ఎందరున్నరో తెలుస్తది, అది తగ్గుతుంటే కనిపిస్తది. మెసేజ్ అంటే అట్ల ఉండాలి.

ఇక్కడే ఇంకో సంగతి. మిషిన్ చెప్పేదాకా ఆగడం వేరు, మనమే అడగడం వేరు. అమెరికాలో టెనెక్స్ అనే వ్యవస్థలో కంట్రోల్, టీ కలిపి నొక్కితే చాలు, నడుస్తున్న పని ఆపకుండానే ఒక లైన్‌లో అది ఏ స్థితిలో ఉందో, ఎంత టైము వాడుకుందో చెప్పేది. తర్వాత బర్క్‌లీ యూనిక్స్ కూడా దీన్ని తీసుకుంది. లినక్స్‌లో ఈ మీట లేదు. ఇంత మంచి ఏర్పాటు లినక్స్‌లోకి రాకపోవడం మాకు నష్టంగానే అనిపిస్తది.

తెర మీద కదిలే శాతం, "45, 46, 47" అని ఒకే చోట మారుతుంటది కదా, అది ఎట్లా చేస్తరో తెలుసా? టెలిటైప్‌లో లైన్ అయిపోతే రెండు పనులు జరిగేవి. అచ్చు తల మళ్ళీ ఎడమ అంచుకు రావడం ఒకటి, కాగితం ఒక వరుస పైకి జరగడం ఒకటి. రెంటికీ వేరువేరు సంకేతాలు. మొదటిది మాత్రమే పంపి, రెండోది పంపకపోతే? కాగితం మీద అయితే అక్షరం మీద అక్షరం పడి మసి అయితది. తెర మీద అయితే పాతది చెరిగి కొత్తది వస్తది. అంతే, అదే కిటుకు. నిలువు గీత, ఏటవాలు గీత, అడ్డగీత, వెనక్కి వాలిన గీత, ఈ నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి అదే చోట రాస్తే చక్రం తిరుగుతున్నట్టు కనిపిస్తది.

చక్రానికీ శాతానికీ తేడా ఉంది. చక్రం "బతికే ఉన్న" అంటది, ఎంత మిగిలిందో చెప్పదు. 1985లో బ్రాడ్ మైయర్స్ అనే పరిశోధక విద్యార్థి, ఎంత అయిందో శాతంలో చూపించే గుర్తుల మీద పరీక్షలు చేసి, జనం వాటినే ఇష్టపడతారని పేపర్ రాశాడు. అయినా టెర్మినల్ ప్రపంచం తొందరగా కదల్లేదు. డిస్కులను కాపీ చేసే "డీడీ" కమాండ్ 1970ల నుంచి ఉంది. గంటసేపు పట్టే పని ఇచ్చినా నోరు మెదపదు. లినక్స్‌లో వాడే గ్నూ వెర్షన్‌లో "ఎంత అయిందో చెప్పు" అనే ఆప్షన్ 2015లో వచ్చింది. దాదాపు 40 ఏళ్ళు! మాట్లాడటానికి ఖర్చు కూడా ఉంటది, అదీ చెప్పాలి. 2016లో జావాస్క్రిప్ట్ వాళ్ళు వాడే "ఎన్‌పీఎం"లో ప్రోగ్రెస్ బార్ ఆపేస్తే ఇన్‌స్టాల్ చాలా వేగంగా అవుతోందని బయటపడింది. పని కంటే పని చూపించడానికే ఎక్కువ టైము పట్టిందన్నమాట. తర్వాత సరిచేశారు.

ఇది చదువుతుంటే మీకు స్కాలర్‌షిప్ పోర్టల్ గుర్తొస్తది, మాకూ వచ్చింది. మాలో ఒకరి అప్లికేషన్ పక్కన "పెండింగ్" అన్న మాట ఏడు నెలలు కదలకుండా ఉంది. ఎవరి టేబుల్ మీద, ఏ కాగితం తక్కువై, ఇంకెన్నాళ్ళు, ఏదీ లేదు. సీటీఎస్ఎస్ 1960ల్లోనే టైముతో సహా చెప్పింది. కాబట్టి "సిస్టమ్‌లో అంతే చూపిస్తది" అని ఎవరైనా అంటే నమ్మకండి. సిస్టమ్ ఏం చూపించాలో ఎవరో ఒకరు కూర్చొని రాస్తరు.

ఇక భాష. ప్రోగ్రామ్ లోపల ఉన్న మెసేజ్‌లన్నీ బయటికి తీసి ఒక పట్టికలో పెడితే, ప్రోగ్రామ్‌ను ముట్టకుండానే ఎవరి భాషలోకి వాళ్ళు మార్చుకోవచ్చు. గ్నూ వాళ్ళ "గెట్‌టెక్స్ట్" అనే పనిముట్టు 1990ల నుంచి ఇదే చేస్తోంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి సంస్థల వాలంటీర్లు లినక్స్‌లో చాలా మాటలు తెలుగులోకి తెచ్చారు. తెలుగు అక్షరాలు యూనికోడ్‌లో 1991 మొదటి వెర్షన్ నుంచే ఉన్నయి. అయినా టెర్మినల్లో తెలుగు సరిగా కనిపించదు.

ఎందుకంటే టెర్మినల్ అంటే ఇప్పటికీ ఆ టెలిటైపే. లెక్కల గళ్ళ నోటుబుక్ అనుకోండి, గడికి ఒక అక్షరం, అన్ని గళ్ళూ ఒకే వెడల్పు. ఇంగ్లీషుకు సరిపోయింది. చైనా, జపాన్ అక్షరాలకు రెండేసి గళ్ళు ఇచ్చారు. మన "స్త్రీ" చూడండి. కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈ-గుడి. దీన్ని ఎన్ని గళ్ళల్లో పెట్టాలో చాలా టెర్మినళ్ళకు తెలియదు. వత్తులు విడిపోతయి, గుడి పక్కింటి నెత్తిమీద కూర్చుంటది, కర్సర్ ఎక్కడో ఉంటది.

తెలుగుదే ఇట్లుంటే మనదెట్లుంటదో చూడండి. ఆదిలాబాద్ గుంజాల ఊళ్ళో దొరికిన రాతప్రతుల్లోని గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. మధ్యప్రదేశ్‌కు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మాసారాం రూపొందించిన ఇంకో గోండి లిపి అంతకు ఏడాది ముందు, 2017లో చేరింది. సంకేతాలు వచ్చినయి, ఫాంట్లు వచ్చినయి. టెర్మినల్లో కొడితే చాలాచోట్ల ఖాళీ డబ్బాలే వస్తయి. లేదా తెలుగు లాగే వత్తులు చెదిరిపోతయి.

ఒక పని చేద్దాం. ఈ వారం మీ ల్యాబ్‌లోనో ఫోన్‌లోనో టెర్మినల్ తెరిచి "స్త్రీ", "క్ష్మ", "జోహార్" అని మూడు మాటలు కొట్టండి. గుంజాల అక్షరాలు కొట్టగలిగినవాళ్ళు అవి కూడా. ఎట్ల కనిపించినయో స్క్రీన్‌షాట్ తీసి, ఏ సిస్టమ్, ఏ టెర్మినల్ ప్రోగ్రామ్, దాని వెర్షన్ ఎంత అని కింద రాసి గ్రూపులో పెట్టండి. ఆ ప్రోగ్రామ్‌లు ఎక్కువ భాగం ఓపెన్ సోర్స్, తప్పు కనిపిస్తే ఎవరైనా రాసి పంపొచ్చు. అన్నీ వచ్చాక హాస్టల్లో మేం ఒక పట్టిక చేసి, ఎవరికి పంపాలో వాళ్ళకు ఇంగ్లీషులో రాస్తం. ఇంగ్లీషు దిద్దడానికి పీజీ చదువుతున్న అక్కలు ఇద్దరు కావాలి.